గోపాల్‌పూర్ నుంచి గుహాగర్ దాకా ఇద్దరు మిత్రుల సైకిల్ యాత్ర: బరువు ఎవరు మోయాలి, వేగం ఎవరిది కావాలి

బరంపురం నుంచి మీరిద్దరూ అడిగినది క్లుప్తంగా ఇది. సంక్రాంతి వెళ్ళాక గోపాల్‌పూర్ సముద్రం దగ్గర బయలుదేరి, దేశాన్ని అడ్డంగా దాటి, మహారాష్ట్ర పడమటి తీరానికి సైకిళ్ళ మీద చేరాలన్నది మీ కోరిక. మీలో ఒకరికి ఆదివారం పూట వంద కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంది. రెండోవారు ఆఫీసుకు వెళ్ళి రావడానికి తప్ప సైకిల్ ఎక్కరు. ఏ దారిన వెళ్ళాలి, ఎలాంటి సైకిల్ కావాలి, రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి, ఇద్దరి సత్తువలో ఇంత తేడా ఉన్నప్పుడు కలిసి వెళ్ళడం సాధ్యమేనా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు.

సాధ్యమే. అయితే ఆఖరి ప్రశ్న తేలాకే మిగతా మూడింటి జోలికి వెళ్ళాలి, ఎందుకంటే దారి, సైకిల్, రోజువారీ దూరం మూడూ మీలో నెమ్మదిగా తొక్కేవారిని బట్టే నిర్ణయం కావాలి. నేను రాయగడలో ఉంటాను. తూర్పు తీరం నుంచి కొండల మీదకు వచ్చే సైకిల్ యాత్రికులు మా ఊళ్ళో ఒక రాత్రి ఆగడం మామూలు. జంటగా వచ్చినవారిలో ఒకరు ఇక్కడే రైలెక్కి వెనక్కి వెళ్ళిపోవడం కూడా చూశాను. అడిగితే మోకాలి నొప్పి అంటారు, ఇంటి దగ్గర పని పడింది అంటారు. కాసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ముందు వెళ్ళే మనిషి ప్రతి ఎత్తు మీదా ఆగి ఎదురు చూస్తాడు. వెనక మనిషి రొప్పుతూ అక్కడికి చేరేసరికి ముందు మనిషి విశ్రాంతి పూర్తయి మళ్ళీ పెడల్ మీద కాలు వేస్తాడు. సత్తువ ఉన్నవాడికి పది నిమిషాల విరామం, అలసినవాడికి రెండు నిమిషాలు కూడా దొరకకపోవడం మూడు రోజులు వరసగా సాగితే నాలుగో రోజున మోకాలు నొప్పి పుట్టడంలో వింత ఏముంది?

1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పారసీ యువకులు ప్రపంచాన్ని సైకిళ్ళ మీద చుట్టి రావాలని బయలుదేరారు. 1928 మార్చిలో యాత్ర పూర్తి చేసుకుని ఇల్లు చేరినవారు ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా ముగ్గురే. మిగతా ముగ్గురూ ఎవరి కారణాలతో వారు దారిలో విడిపోయారు. అంతటి యాత్రలోనే అలా జరిగింది కనుక, దారిలో ఒకరు ఆగిపోతే రెండోవారు ముందుకు వెళ్ళాలా, కలిసి వెనక్కి రావాలా అన్నది మీరు బరంపురంలోనే తేల్చుకోండి. బయలుదేరే ముందు ఆ మాట ఎత్తడం అపశకునమని కొందరు అనుకుంటారు. అప్పుడు తేల్చని మాట ఘాట్ రోడ్డు మధ్యలో, ఆకలి మీద, కోపంలో తేల్చవలసి వస్తుంది.

ఇక తేడాను సరిచేసే పద్ధతి చెబుతాను. స్నేహధర్మం అనుకుని చాలామంది సామాను చెరిసగం పంచుకుంటారు. ఆ పని చేయకండి. ఎత్తు ఎక్కేటప్పుడు మన శ్రమలో దాదాపు అంతా బరువును పైకి చేర్చడానికే ఖర్చవుతుంది. ఆ వేగంలో గాలి అడ్డు లెక్కలోకి రాదు. మనిషి, సైకిల్, సంచులు కలిపి మీరు చెరి 95 కిలోలు ఉన్నారనుకోండి. వంద మీటర్లకు 6 మీటర్లు లేచే ఘాట్‌లో గంటకు 7 కి.మీ. వేగంతో ఎక్కాలంటే ఒక్కొక్కరికి 110 నుంచి 120 వాట్ల దాకా శక్తి కావాలి. ఇప్పుడు నెమ్మది మనిషి సైకిల్ నుంచి 6 కిలోలు తీసి గట్టి మనిషి సైకిల్‌కు కట్టండి. ఒకరు 89 కిలోలు, ఒకరు 101 కిలోలు అవుతారు. నూటికి 13 వంతులు ఎక్కువ సత్తువ ఉన్న మనిషి ఇప్పుడు సరిగ్గా రెండోవారి వేగంతోనే ఎక్కుతాడు. ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, ఎవరూ రొప్పనక్కర్లేదు. పనిముట్లు, పంపు, అదనపు ట్యూబులు, తాళాలు, దోమతెరలు, ఇద్దరి చలిబట్టలు, మధ్యాహ్నపు తిండి, సగానికి పైగా నీళ్ళు గట్టి మనిషి సంచుల్లోకి వెళ్ళాలి. అప్పటికీ ఆ మనిషి ముందుకు వెళ్ళిపోతూ ఉంటే ఇంకో రెండు కిలోలు మార్చండి. ఇద్దరూ పక్కపక్కన ఎక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడుకోగలిగితే పంపకం సరిగ్గా కుదిరినట్టు. ఒకరు ముక్కలు ముక్కలుగా జవాబిస్తుంటే ఇంకా కుదరలేదు.

చదును నేల మీద ఇదే లెక్క పనిచేయదు. అక్కడ మన శత్రువు గాలి. ముందు ఒకరు వెళ్తుంటే వెనక మనిషికి గాలి అడ్డు బాగా తగ్గుతుంది కనుక, మంచిర్యాల దాటిన తరవాత వచ్చే మైదానాల్లో గట్టి మనిషి ముందు, నెమ్మది మనిషి వెనక ఉండాలి. అయితే రెండు సైకిళ్ళ మధ్య కనీసం ఒక సైకిల్ పొడవు వదలండి. వెనక సైకిల్ ముందు చక్రం, ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు ఎప్పుడూ రాకూడదు. రెండూ రాసుకుంటే ముందు మనిషికి తెలియను కూడా తెలియదు, పడేది వెనక మనిషే. గుంత కనిపిస్తే ముందు మనిషి చేయి కిందకు చాచి చూపించాలి, లారీ వస్తుంటే వెనక మనిషి గట్టిగా చెప్పాలి. ఇది మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

సైకిల్ విషయంలో కంపెనీ పేరు కంటే పళ్ళ లెక్క ముఖ్యం. చైను ఎక్కే పళ్ళ చక్రాల్లో ముందు, అంటే పెడళ్ళ దగ్గర, అతి చిన్నదానికి 28 పళ్ళు, వెనక అతి పెద్దదానికి 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక్కసారి తిప్పితే సైకిల్ సుమారు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకు 6 కిలోమీటర్లకు పైగా వస్తుంది. ఘాట్ ఎక్కడానికి అది చాలు. గేర్లు లేని సైకిల్‌కు ముందు 44, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక్క తిప్పుకు 5 మీటర్ల పైన కదలాలి. అదే నెమ్మది వేగంలో పెడల్ నిమిషానికి సుమారు 20 సార్లే తిరుగుతుంది, ప్రతి తొక్కుడులోనూ ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. కాబట్టి దుకాణంలో ఒకటే చూడండి: ముందు చిన్న చక్రం పళ్ళ కంటే వెనక పెద్ద చక్రం పళ్ళు ఎక్కువగా ఉండాలి. ముందు మూడు పళ్ళ చక్రాలున్న మామూలు హైబ్రిడ్ సైకిళ్ళలో చాలావాటికి ఇది కుదురుతుంది. లక్ష రూపాయల సైకిల్ ఈ యాత్రకు అవసరం లేదు.

దానికంటే ముఖ్యం, రెండు సైకిళ్ళూ వీలైనంత వరకు ఒకేలా ఉండడం. చక్రాల కొలత ఒకటే, టైరు వెడల్పు ఒకటే, వెనక గేర్ల సంఖ్య ఒకటే, బ్రేకుల రకం ఒకటే అయితే ఇద్దరికీ కలిపి ఒకే సంచి పనిముట్లు సరిపోతాయి. ఒక మడత టైరు, నాలుగు ట్యూబులు, ఒక చైను లింకు, రెండు జతల బ్రేకు కట్టలు ఇద్దరినీ కాపాడతాయి. వెనక గేర్లు మార్చే డెరైల్యూర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ మాత్రం ఫ్రేమును బట్టి మారుతుంది కనుక ఎవరిది వారు తెచ్చుకోవాలి. వేలెడంత ఆ ముక్క విరిగితే దారిలో పెద్ద ఊరైన జగదల్‌పూర్‌లోనూ దొరకదు. వెనక చక్రానికి చైను వైపు చువ్వలే ముందుగా విరుగుతాయి, కాబట్టి ఆ పొడవువి నాలుగైదు ఫ్రేము గొట్టానికి టేపుతో అంటించి పెట్టండి. టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే ఈ రోడ్లకు బాగుంటుంది.

వాల్వు గురించి ఎవరూ చెప్పరు గనక చెబుతున్నాను. ఖరీదైన సైకిళ్ళకు వచ్చే సన్నని ప్రెస్టా వాల్వుకు దారిలో తగిలే లక్ష్మీపూర్‌లో గానీ భోపాలపట్నంలో గానీ గాలి కొట్టే దుకాణంలో పంపు సరిపోదు. మోటారు సైకిల్ ట్యూబుకు ఉండే లావు వాల్వు ఉన్న ట్యూబులే వేయించుకోండి. అప్పుడు లారీ టైర్ల దుకాణం కూడా మీ దుకాణమే. రిమ్ముకు సన్నని రంధ్రం ఉంటే ఊళ్ళోనే మెకానిక్ చేత దాన్ని పెద్దది చేయించవచ్చో లేదో కనుక్కోండి.

పంక్చర్ వేయడం ఇద్దరికీ రావాలి. ఒకరికే వస్తే ఆ మనిషి యాత్ర అంతా పనివాడవుతాడు, రెండోవారు నిలబడి చూసే అతిథి అవుతారు. ఈ చిన్న విషయం స్నేహాన్ని ఎంత అరగదీస్తుందో ఊహించలేరు. ట్యూబు తీసేముందు వాల్వు ఏ వైపు ఉందో టైరు మీద సుద్దతో గుర్తు పెట్టండి. ట్యూబులో రంధ్రం దొరికాక అదే దూరంలో టైరు లోపల వేళ్ళతో నెమ్మదిగా తడమండి. పగిలిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుకంత ఉక్కుతీగ అక్కడే దాగి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే ఐదు కిలోమీటర్లలో మళ్ళీ దిగాలి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, దాని తడి మెరుపు పోయి మసకగా కనిపించేదాకా ఆగి, అప్పుడు ప్యాచ్ నొక్కండి. తడి మీద అంటించిన ప్యాచ్ ఎండలో ఊడిపోతుంది. ఇంటి దగ్గర కళ్ళు మూసుకుని చేయగలిగేంత వరకు ఇద్దరూ సాధన చేయండి.

సీటు ఎత్తు, బట్టల గురించి ఒక్క మాట. మడమ పెడల్ మీద పెట్టినప్పుడు కాలు తిన్నగా చాచుకునేంత ఎత్తులో సీటు ఉండాలి. మెత్త ఉన్న సైకిల్ నిక్కరు కింద లోదుస్తు వేసుకోకూడదు. కొత్త సీటుతో బయలుదేరకూడదు.

ఇప్పుడు దారి. మీరు జాతీయ రహదారి 16 పట్టుకుని విశాఖ మీదుగా దిగి, అక్కడి నుంచి పడమటికి తిరగాలనుకున్నట్టు రాశారు. ఆ రోడ్డు వెడల్పే గానీ లారీల హోరులో రోజంతా ఒకరి మాట ఒకరికి వినిపించదు. నా సలహా కొండల దారి. బరంపురం, దిగపహండి, తప్తపాణి, మోహనా మీదుగా రాయగడ. అక్కడి నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, జయపురం, బొరిగుమ్మ. బొరిగుమ్మలో మీకు 63వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. జగదల్‌పూర్, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సిరోంచ, మంచిర్యాల, నిజామాబాద్, దెగ్లూర్, లాతూర్ మీదుగా బార్శీ వరకు మిమ్మల్ని తీసుకువెళ్ళేది ఆ ఒక్క రోడ్డే. బార్శీ నుంచి పండరిపురం, కరాడ్, చిప్లూణ్ మీదుగా గుహాగర్ సముద్రం. మొత్తం 1,500 నుంచి 1,600 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. సగటున రోజుకు 65 కి.మీ. తొక్కుతూ, వారానికి ఒక రోజు పూర్తిగా ఆగుతూ వెళ్తే నెల రోజుల్లోపు చేరతారు. వారానికి వంద తొక్కే మనిషికి 65 చాలా తక్కువ అనిపిస్తుంది. సామానుతో, వరసగా, మరుసటి రోజూ తొక్కవలసినప్పుడు అది తక్కువ కాదు.

మొదటి రోజు తప్తపాణి దాటకండి. ఘాట్ ఎక్కగానే వేడినీటి బుగ్గ దగ్గర ఆగి, కాళ్ళు కడుక్కుని, పడుకోండి. మోహనా నుంచి రాయగడ దాకా అడవి దారి, ఎత్తుపల్లాలు ఎక్కువ, పెద్ద ఊళ్ళు తక్కువ. రాయగడలో ఒక రోజు ఆగి, మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, సామాను పంపకం మళ్ళీ సరిచూసుకోండి. అవసరం లేదని తేలిన వస్తువులను ఇక్కడి నుంచే పార్సెల్‌లో ఇంటికి పంపేయండి. ఈ ఊరు దాటాక అసలు ఎత్తు మొదలవుతుంది. రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్ల పైన ఉంటే కొరాపుట్ 870 మీటర్ల దగ్గర ఉంది. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కేవి కలిపితే మీరు ఎక్కే ఎత్తు ఈ తేడా కంటే చాలా ఎక్కువ. ఈ వంద కిలోమీటర్ల పైచిలుకును రెండు రోజులు చేయండి, రాత్రికి లక్ష్మీపూర్‌లో ఆగండి.

కొరాపుట్ చుట్టుపక్కల జనవరి తెల్లవారుజాము చలి తీరప్రాంతం వాళ్ళు ఊహించేది కాదు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ జిల్లాలోనే ఉంది. పొగమంచు విడేదాకా రోడ్డెక్కకండి. సంత రోజు తగిలితే చోడి (రాగి) అంబలి తాగండి. ఇక్కడివాళ్ళు మాండియా పేజ్ అంటారు. కొద్దిగా పులిసిన ఆ అంబలి, పక్కన ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు ఎక్కువసేపు కడుపును పట్టి ఉంచుతాయి, చెమటలో పోయిన ఉప్పునూ తిరిగి ఇస్తాయి. దారి పొడవునా ఇంతకంటే మంచి తిండి మీకు దొరకదని నా నమ్మకం.

కొరాపుట్ నుంచి జయపురం దాకా ఇరవై కిలోమీటర్ల దారిలో ఎక్కువ భాగం దిగుడు. ఎక్కేటప్పుడు కష్టపడ్డవారు దిగేటప్పుడు సరదా పడాలనుకోవడం సహజమే, కానీ సామాను ఉన్న సైకిల్‌కు బ్రేకు పట్టడానికి మామూలు కంటే ఎక్కువ దూరం పడుతుంది. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాగిపోతుంది. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. మధ్యలో రెండు మూడు సార్లు ఆగి రిమ్ము దగ్గర చేయి పెట్టి చూడండి. ఇక్కడ గట్టి మనిషి సైకిలే ఎక్కువ బరువు కనుక ఆ మనిషే వెనక ఉండి నెమ్మదిగా దిగాలి.

జగదల్‌పూర్ తరవాత వచ్చే భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. గీదం వరకు ఇనుప ఖనిజం లారీలు ఉంటాయి. గీదం దగ్గర రైలు మార్గం పక్కకు తప్పుకుంటుంది, ఆ తరవాత మంచిర్యాల చేరేదాకా మీ దారిలో రైలు స్టేషన్ లేదు. బీజాపూర్ జిల్లా చాలా ఏళ్ళుగా మావోయిస్టుల, భద్రతా బలగాల మధ్య పోరు చూసిన నేల. రోడ్డు వెంట శిబిరాలు ఉంటాయి. మామూలు జనం బస్సుల్లో తిరుగుతూనే ఉంటారు, మీరూ వెళ్ళవచ్చు, కానీ కొన్ని నియమాలు తప్పకుండా పాటించాలి. బయలుదేరే ముందు ఆ వారం పరిస్థితి ఏమిటో జగదల్‌పూర్‌లో పోలీసులనూ, ఆ దారిన తిరిగే బస్సు డ్రైవర్లనూ అడగండి. వద్దంటే సైకిళ్ళు బస్సు మీద వేసుకుని సిరోంచలో దిగండి. ఆధార్ కార్డు చేతికి అందేచోట ఉండాలి. శిబిరాల దగ్గర ఫోటోలు తీయకూడదు. ప్రధాన రోడ్డు వదలకూడదు. మధ్యాహ్నం మూడింటికల్లా పెద్ద ఊరు చేరిపోవాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఈ భాగంలో ఇద్దరూ ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే తొక్కాలి. మిగతా దారిలో ఫలానా కూడలిలో కలుద్దాం అనుకుని విడివిడిగా తొక్కడం మంచిదే, ఇక్కడ మాత్రం వద్దు.

భోపాలపట్నం దాటి ఇంద్రావతి వంతెన ఎక్కితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. రోజుల తరబడి ఒడియా, హల్బీ, గోండీ, హిందీ విన్న చెవులకు సిరోంచ సంతలో తెలుగు వినిపిస్తుంది. అంగట్లో బేరం, లాడ్జీలో గది, వైద్యుడితో మాట, అన్నీ మన మాటలోనే జరిగిపోతాయి. అందుకే నేను చెప్పే పెద్ద విశ్రాంతి ఇక్కడ: రెండు రోజులు ఆగండి. చైను కడగండి, బట్టలు ఉతుక్కోండి, బ్రేకు కట్టలు చూడండి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి ఈ ఊరి పక్క నుంచే వెళ్తుంది; ఎదుట కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ప్రాణహిత వంతెన దాటితే చెన్నూరు, మంచిర్యాల. అక్కడి నుంచి నిజామాబాద్ దాకా చదును, తిండి, వసతి, మెకానిక్కులు అన్నీ దొరికే దారి. దాని గురించి చెప్పవలసింది లేదు.

బోధన్ తరవాత మంజీర దాటి దెగ్లూర్ చేరితే నాందేడ్ జిల్లా. అక్కడి బజారులోనూ తెలుగు నడుస్తుంది. ఉద్గీర్ నుంచి మాత్రం హిందీ, వచ్చినంత మరాఠీ వాడాలి. లాతూర్ ప్రాంతం నీటి ఎద్దడి ఎరిగిన నేల. 2016 వేసవిలో మిరజ్ నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చి ఆ ఊరికి పోశారు. మీరు వెళ్ళే ఫిబ్రవరిలో అంత కరువు ఉండదు గానీ ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్ళు సైకిల్ మీద ఉండాలి. ఇది చెరకు గానుగల కాలం కూడా. ఒక ట్రాక్టరు వెనక రెండు ట్రాలీల చెరకు, వెనక దీపాలు ఉండవు, పక్కలకు చెరకు చాచుకుని ఉంటుంది, రోడ్డు మీద రాలిన ముక్కల మీద సైకిల్ జారుతుంది. అవి ఎదురైతే దారి వదిలి పక్కకు దిగి నిలబడండి, వాటితో పోటీ పడి దాటకండి.

తూర్పు నుంచి పడమటికి వెళ్ళడంలో ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. ఈ కాలంలో దక్కన్ మీద గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు వైపుల నుంచి వీస్తుంది కనుక అది మిమ్మల్ని వెనక నుంచి తోస్తుంది. ఇదే దారిని జూన్ తరవాత పెట్టుకుంటే నైరుతి గాలికి ఎదురు తొక్కాలి. ఉదయం ఎండ మీ వీపు మీద పడుతుంది. సాయంత్రం మాత్రం మీ వెనక వచ్చే లారీ డ్రైవర్ కళ్ళలోకి సూర్యుడు కొడతాడు, మీరు అతనికి కనిపించరు. అందువల్ల నాలుగు గంటల తరవాత పెడల్ తొక్కవద్దు. ఇంకొకటి, గోపాల్‌పూర్ కంటే గుహాగర్‌లో సూర్యోదయం ముప్పావు గంట ఆలస్యం. ఇంటి దగ్గర ఆరింటికి వెలుగు వస్తుందన్న లెక్కతో కరాడ్‌లో బయలుదేరితే చీకట్లో తొక్కవలసి వస్తుంది.

ఆరోగ్యం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది మలేరియా. కొరాపుట్, బస్తర్, గడ్చిరోలి మూడూ ఆ జ్వరం ఉన్న ప్రాంతాలే. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకండి. దోమ కుట్టిన వారం, రెండు వారాల తరవాత గానీ జ్వరం రాదు, అంటే బస్తర్‌లో కుట్టిన దోమకు మీరు లాతూర్‌లో పడుకోవచ్చు. అక్కడి డాక్టరుకు ఆ అనుమానం రాకపోవచ్చు కనుక, బస్తర్ మీదుగా వచ్చామని మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి సైకిల్‌ను మధ్యలో అడ్డంగా పెట్టుకుని నడవండి, చాలావరకు అవి వెనక్కి తగ్గుతాయి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. తిండి మాటకొస్తే ఆకలి వేసేదాకా ఆగవద్దు. గంటకోసారి అరటిపండో, గుప్పెడు అటుకులో, వేరుశనగ చెక్కీయో నోట్లో పడాలి. వట్టి నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలుచబడి తల తిరుగుతుంది, కాబట్టి రోజుకు ఒకటి రెండు ఓఆర్ఎస్ పొట్లాలు లెక్కలో పెట్టుకోండి.

డబ్బు ఒకే సంచిలో ఉండాలి. ఇద్దరూ మొదట్లోనే సమానంగా వేసి, టీ దగ్గర నుంచి లాడ్జీ దాకా అందులోంచే ఇవ్వండి. నువ్వు ఇచ్చావా నేను ఇచ్చానా అన్న లెక్క రోజూ రాత్రి తీయవలసిన అవసరం రాదు. బరువు సమానంగా పంచుకోవద్దన్నాను, డబ్బు మాత్రం సమానంగానే. ఇంకొక ఒప్పందం: ఎవరు ఆగుదాం అన్నా ఆ రోజుకు అక్కడే ఆగాలి, కారణం అడగకూడదు. గట్టి మనిషికి ఇది కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఆగే హక్కు ఉందని తెలిసిన మనిషి దాన్ని వాడుకోవడం అరుదు, లేదని తెలిసిన మనిషే పదో కిలోమీటరు నుంచి దాని గురించి ఆలోచిస్తూ తొక్కుతాడు.

సహ్యాద్రి దాటడానికి కరాడ్ నుంచి పాటణ్, కోయనానగర్ మీదుగా కుంభార్లీ ఘాట్ పట్టండి. మీరు వెళ్ళే దిశలో ఎక్కుడు మెల్లగా ఉంటుంది, దిగుడు నిలువుగా ఉంటుంది. జయపురం ఘాట్‌కు చెప్పిన బ్రేకు జాగ్రత్తలే ఇక్కడా వర్తిస్తాయి, రోడ్డు గతుకులు కూడా ఉంటాయి కనుక సగం వేగంతో దిగండి. కింద చిప్లూణ్, అక్కడి నుంచి అర రోజు దారి గుహాగర్. తిరుగు ప్రయాణానికి చిప్లూణ్‌లో కొంకణ్ రైల్వే స్టేషన్ ఉంది గానీ, రైలు ఎక్కువసేపు ఆగని చోట సైకిళ్ళు పార్సెల్ పెట్టెలోకి ఎక్కించడం కష్టం. అందువల్ల సైకిళ్ళను బస్సు మీద ముంబయి గానీ పుణె గానీ చేర్చి, అక్కడి పార్సెల్ కార్యాలయంలో బుక్ చేయడం మేలు. పెడళ్ళు విప్పి, హ్యాండిల్ తిప్పి ఫ్రేముకు కట్టి, గొట్టాలకు గోనెపట్టా చుట్టి, మీ పేరు, ఊరు, ఫోను నంబరు, చేరవలసిన స్టేషన్ పేరు రెండు చోట్ల రాసి కట్టండి. చీటీ ఒకటే ఉంటే దారిలో చిరిగిపోతుంది. రైలుకు నాలుగైదు గంటల ముందే కార్యాలయానికి వెళ్ళండి. మీరు ఎక్కిన రైల్లోనే సైకిళ్ళు రాకపోవచ్చు, రెండు రోజులు ఆలస్యంగా వస్తాయన్న లెక్కతోనే ఇంట్లో చెప్పి ఉంచండి.